రెండో గది సున్నా

ఎనిమిదీ నలభైకి ఇందీవర మనసుల్ని తూచే యంత్రం, మనోతుల, ముందు కూర్చుంది. తడిజుట్టు చెవి వెనక్కి తోసుకుని, రాగి జల్లెడకి జానెడు దూరంలో నోరు పెట్టి సున్నా కట్టింది.

"పొద్దు పొడిచింది. కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. పడవ రేవుకి వచ్చింది. ఎవరి పనికి వాళ్లు బయల్దేరారు."

మూడేళ్లుగా రోజూ చదివే నాలుగు వాక్యాలే. జల్లెడ వెనక పచ్చదీపం వెలిగింది. ఈ గది మోత, ఈ పూట గాలిలో తేమ, ఈ ఊరి యాస అన్నీ కలిపి యంత్రం తన సున్నాని గుర్తుపెట్టుకుంది. సాయంత్రం దాకా కుర్చీలో ఎవరు కూర్చున్నా, వాళ్ల మనసు ఆ సున్నాకి ఎంత దూరంలో ఉందో అంకె చెబుతుంది.

బల్ల కింద టిఫిన్ బాక్సు ఉంది. మూతకి చుట్టిన రబ్బరుబ్యాండు కింద మడిచిన కాగితం. అందులో ఇవాళ కిరీటి ఏం బొమ్మ వేసి ఉంటాడో ఇందీవరకి తెలియదు. నిన్నటిది కళ్లజోడు పెట్టుకున్న చేప. పదకొండు దాకా విప్పకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం. పెళ్లయిన నాలుగు నెలల్లో ఆ నియమాన్ని ఎనిమిదీ నలభై అయిదుకే తప్పని రోజు ఒక్కటీ లేదు. విప్పింది. గొడుగు పట్టుకున్న పీత. నవ్వు ఆపుకుంటూ మొదటి చీటీ పిలిచింది.

సువార్తమ్మ వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి. యాభై ఏళ్లు నేల మీద కాళ్లు మడిచి కూర్చుని, ఎవరెవరి బల్లల మీదకో లేసుగుడ్డలు అల్లింది. ఆ యాభై ఏళ్లూ ఇప్పుడు ఆవిడ మోకాళ్లలో కూర్చున్నాయి. అడుగు పడితే వెలిగే నడకపట్టీ మీద పదకొండు అడుగులు వేసేసరికి పైపెదవి మీద చెమట పట్టింది. ఎడమకాలు పడ్డచోట పట్టీ వెలుగు సగానికి తగ్గిపోయింది.

"కూర్చోండి పిన్నిగారూ. నిద్ర పడుతోందా?"

"దివ్యంగా పడతందండి."

"తిండి?"

"రెండు పూట్లా లాగించేత్తన్నానండి. నిన్న రొయ్యలిగురు."

చెయ్యి ఊపుతూ చెబుతుంటే గాజు మణికట్టు మీంచి మోచేతి దాకా జారింది. క్రితంసారి అది సగం దాకానే జారడం ఇందీవరకి గుర్తుంది. రొయ్యలిగురు మీద అనుమానం వేసింది. కానీ ఆమె పని అడగడం వరకే. తూచడం యంత్రం పని. మాటకి సగం, మాట వెనక గొంతుకి సగం.

"పని మీద మనసు నిలుస్తోందా?"

"నిలవకపోతే లేసు ఎలా వత్తాదండీ?"

తొమ్మిదో ప్రశ్న దగ్గర ఎప్పుడూ కాస్త నెమ్మదిగా అడగమని శిక్షణలో చెప్పారు. "బతికేం లాభం అనిపించిందా ఎప్పుడైనా?"

"అబ్బే! నాకేంటండీ, మారాణీలా ఉన్నాను."

జల్లెడ వెనక దీపం పసుపుకి తిరిగింది. పంతొమ్మిది.

తొట్టిలో పెంచిన మృదులాస్థి మనసు కుంగిన ఒంట్లో అతకదని ఎవరో ఎక్కడో లెక్క తేల్చారు. ఆ లెక్క ఊళ్లోకి వచ్చేసరికి నియమం అయింది. పదిహేను దాటితే కొత్త మోకాలు వేయించుకోడానికి కీలుపత్రం రాదు. ఊరటవరసలో వేస్తారు. నాలుగు వారాలు రోజూ పొద్దున్నే ఇక్కడికే వచ్చి గుళికలు మింగి, అద్దాల గదిలో కదిలే పూలతోట చూసి, మళ్లీ వచ్చి తూగాలి.

"మూడోసారండి ఇది," అంది సువార్తమ్మ. గొంతులో మారాణి లేదు. "ఆదివారంతో నా తొట్టి గడువు అయిపోద్ది. నా కండ తీసి, నాకోసం పెంచిందే కదండీ అది. పారబోత్తారా?"

తొట్టి నంబరు రెండువందల పన్నెండు. ఇందీవర తెర మీద చూసింది. ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. ఆ తర్వాత కండ మళ్లీ తీయరు. అరవై దాటినవాళ్లకి ఒక్కసారే.

"పునఃపరిశీలన రాస్తాను. శుక్రవారం పొద్దున్నే రండి. అదొక్కటే అవకాశం."

సువార్తమ్మ లేవలేదు. ఇందీవర జడలో మల్లెల వంకా, టిఫిన్ బాక్సు మీది పీత వంకా మార్చిమార్చి చూసింది.

"ఓ మాట అడుగుతాను, కోప్పడకండి అమ్మాయిగారూ. మీ పెళ్లికి ముందు మా తోడికోడలికి ఈ గదిలోనే పత్రం ఇచ్చారు. దానికి నాకంటే పదింతలు ఏడుపు. మాఘమాసం కాణ్ణించి ఈ గదిలోకి వచ్చినోళ్లు వచ్చినట్టు ఊరటవరసలోకే. అదే ఒకటో గదిలో, సత్తిరాజుగారి దగ్గర, అందరూ పాసే. బయట ఏవనుకుంటన్నారో తెలుసా?"

"ఏమనుకుంటున్నారు?"

"మీ అత్తోరు ఊరటగుళికల కంపెనీవోళ్లంట."

ఇందీవర ఫక్కుమని నవ్వింది. "మా అత్తగారు పిల్లలకి ఈత నేర్పుతారండీ!"

"నవ్వండి, నవ్వండి," అంటూ సువార్తమ్మ కర్ర అందుకుంది. "నవ్వేవోళ్లనే నమ్మలేకపోతన్నాం."

*

మధ్యాహ్నం పరాంకుశం గారు దిగారు. సముద్రం నాలుగు మైళ్లు లోపలికి వచ్చాక నరసాపురానికి రోడ్డు లేదు. కాలవబస్సులో వచ్చినవాళ్లందరి చెప్పులూ బురదగా ఉంటాయి. ఆయనవి శుభ్రంగా ఉన్నాయి. సంచిలోంచి ఇంకో జత తీసి రేవులోనే మార్చుకున్నాడట. ప్రాంతీయ మండలి విచారణాధికారి. గదిలోకి రాగానే గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాన్ ప్లగ్గు పీకేశాడు.

"ఫ్యాన్ మోతలో మాటలు దాక్కుంటాయి," అన్నాడు. "కూర్చో అమ్మా. నీ గదిలో మాఘానికి ముందు నూటికి పదకొండు మంది ఊరటవరసకి వెళ్లేవాళ్లు. ఇప్పుడు నలభై నాలుగు. ఒకటో గదిలో తొమ్మిది ఉండేది, ఏడాదిన్నరగా మూడు. ఒకే ఊరు, ఒకే యంత్రం, ఒకే మోకాళ్లు. ఒకరు తోస్తున్నారు, ఒకరు ఆపుతున్నారు. ఎందుకు?"

"నాకు తెలియదు సార్. నేను అడగడం వరకే."

"అందరూ అదే అంటారు." సంచిలోంచి సన్నటి నీలంరంగు పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. "సత్తిరాజు ఎప్పుడొస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, రాసిపెట్టు. శుక్రవారం చూస్తాను."

"ఆయనకీ ఒక పుస్తకం ఇచ్చారా సార్?"

పరాంకుశం గారు సంచి జిప్పు లాగాడు. వెళ్తూ ప్లగ్గు తిరిగి పెట్టలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఇందీవరకి ప్రతి చప్పుడూ వేరేగా వినపడింది. సత్తిరాజుగారు ఆ కేంద్రంలో ఇరవై ఏళ్ల మనిషి. తనకి పని నేర్పినవాడు. ఆయన తలుపు ఎందుకు సగం తెరిచి ఉంటోంది? రోజూ పదకొండింటికి ఫ్లాస్కు ఎందుకు తెరుస్తాడు? చూడ్డానికి తల ఎత్తేసరికి అటునుంచి ఆయనా తల ఎత్తి ఇటే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

నాలుగింటికి నీళ్లు తాగడానికి బయటికొస్తే సువార్తమ్మ వసారా బెంచీ మీద కాలవబస్సు కోసం ఎదురుచూస్తూ కనపడింది. ఒళ్లో లేసుగుడ్డ. అల్లడం లేదు, విప్పేస్తోంది. మూరెడు పని దారం దారంగా కిందికి జారుతోంది.

"అయ్యో, అంత బాగుంటే ఎందుకు విప్పడం?"

"బాగాలేదండి. ఇదిగో, అంచు చూడండి, ముడుచుకుపోతంది." సువార్తమ్మ గుడ్డని తొడ మీద పరిచి చూపించింది. "ఇక్కడ ముడుచుకుందని ఇక్కడ సర్దితే సరిపోదు. మొదటి వరస బిగించి అల్లేశాను. ఆ రోజు కాలు సలుపుతుంటే చెయ్యి బిగుసుకుపోయింది. ఆ వరసని బట్టే కదండీ మిగతా వరసలన్నీ. నేను ఎంత వదులుగా అల్లినా అది లాగేత్తానే ఉంటాది."

"ఆ రోజు మీ చెయ్యి ఎలా ఉంటే గుడ్డంతా అలాగే వస్తుందన్నమాట."

"మరి! అందుకే మా మేస్త్రమ్మ పెళ్లికూతుళ్ల చేత మొదటి వరస అల్లనిచ్చేది కాదు. అది మరీ వదులైపోద్దని." చెప్పి, మొదటిసారి నిజంగా నవ్వింది.

ఇందీవర నవ్వలేకపోయింది. ఆ నీళ్లగ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

*

గురువారం ఎనిమిదింటికే వచ్చి, రెండు గదుల మధ్య చెక్కగోడకి చెవి ఆనించి నిలబడింది. ఇలా నిలబడడం సిగ్గుగానే ఉంది. నీలం పుస్తకం కోసం కాదని తనకి తను చెప్పుకుంది.

అవతల కుర్చీ కిర్రుమంది. సత్తిరాజుగారు సున్నా కట్టారు.

"పొద్దు పొడిచింది."

పొడిచినట్టు లేదు. తడిబట్ట పిండకుండా ఆరేసినట్టుంది. నీళ్లు నిండుగా పారుతున్నాయంటే ఎక్కడో ఇంకిపోతున్నట్టు వినపడింది. పడవ వచ్చిందన్నాడు గానీ ఎవరూ దిగలేదు. ఎవరి పనికి వాళ్లు బయల్దేరారు అన్నాక ఆయన చిన్నగా గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో అందరూ వెళ్లిపోయారు, ఒక్కడు మిగిలాడు.

యంత్రానికి అది సున్నా. అంత లోతులోంచి చూస్తే కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ మేడ మీద ఉన్నట్టే.

ఇందీవర తన గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. ఏడాది సున్నాలన్నీ యంత్రం దాచి ఉంచుతుంది, ఎవరూ వినరు. పుష్యమాసంలో ఒక రోజుది పెట్టింది. బడిలో హాజరు పలికినట్టు తన గొంతు, నిద్రచాలని గొంతు. తర్వాత నిన్నటిది పెట్టింది.

'పడవ' అన్నచోట దాచుకున్న నవ్వు ఉంది. ఎంత దాచినా కొసన బయటపడింది. కిరీటి లాకుల దగ్గర సముద్రపు పోటుని ఆపే అలతూములు ఎత్తే మనిషి. రోజూ ఆమెని పడవలో దింపి వెళతాడు. రేవుకి పడవ ఒక్కటే రాలేదు ఆ గొంతులో. వేడివేడి ఇడ్లీలు, మల్లెలు, కళ్లజోడు చేప, అన్నీ వచ్చాయి.

ముందు బుగ్గలు వేడెక్కాయి. ఎవరో కిటికీలోంచి తొంగిచూసినట్టు సిగ్గేసింది. ఆ తర్వాతే అంకెలు గుర్తొచ్చాయి. తెర మీద లెక్క చూసింది. మాఘం నుంచి రెండో గది ఊరటవరసకి పంపినవాళ్లు ఎనభై ఒక్కమంది. తన సంతోషం ఎత్తుకి అందనివాళ్లు.

పదకొండింటికి ఒకటో గదిలోకి వెళ్లింది. సత్తిరాజుగారు ఫ్లాస్కు తెరుస్తున్నారు. ఆమెని చూసి మూతలో కొంచెం పోసి జరిపారు.

"తాగు అమ్మాయ్. ఒక్క గ్లాసుకి కాఫీ కలపడం చేతకావట్లేదు నాకు. మా ఆవిడ పోయి ఏడాదిన్నర. ఇప్పటికీ రెండు గ్లాసులకే నీళ్లు పెట్టేస్తున్నాను. ఇది రెండోది."

కాఫీ చల్లారిపోయింది. అయినా ఇందీవర తాగింది.

"బాబాయిగారూ, ఈ తొమ్మిది ప్రశ్నలూ మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"మనల్ని అడగడానికి మన మోకాళ్లేమైనా పోయాయా?" ఆయన సొరుగులోంచి నీలం పుస్తకం తీశాడు. "ఆయన నీకూ ఇచ్చాడా ఇది? నాకిచ్చాడు, నీ మీద రాయమని. రాత్రంతా ఆలోచించి ఒక్క ముక్క రాశాను." తిప్పి చూపించాడు. 'అమ్మాయి పాడుకుంటోంది' అని ఉంది. "తప్పా?"

"తప్పే బాబాయిగారూ," అంది ఇందీవర. ఆయన తమాషా అనుకున్నాడు.

మధ్యాహ్నం పరాంకుశం గారి ముందు నిలబడి, రాత్రింబవళ్లు అనుమానంతోనే బతికే మనిషిని ఎలా కదపాలో తెలియక, నేరుగా అడిగేసింది. "సార్, ఒకవేళ... సున్నా కట్టేవాళ్ల గొంతులోనే తేడా ఉంటే?"

"ఎవరు చెప్పారు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేవాళ్లని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను." ఆయన కలానికి మూత పెట్టి మళ్లీ తీశాడు. "అలాంటిదే ఉంటే తేలిక. కట్టేవాళ్లని ముందు తూచాలి. పొంగినవాళ్లనీ కుంగినవాళ్లనీ పనిలోంచి తప్పించాలి. వాళ్ల చేతి మీదుగా వెళ్లిన పత్రాలు రద్దు. తొట్లు కడిగేయడం. మళ్లీ మొదటినుంచి."

"ఎంతకాలం?"

"ఏడాది పట్టొచ్చు. ఎందుకడిగావో చెప్పు."

ఒకటో గది పత్రాలు పట్టుకుని మోకాలి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అరవై ముగ్గురు. వాళ్ల తొట్లు. రెండు గ్లాసుల కాఫీ కలిపే మనిషికి మిగిలిన ఒకే ఒక్క పని. ఆదివారం ఆరు గంటలు. నిజం చెబితే ఇవన్నీ పోతాయి. చెప్పకపోతే రేపు పొద్దున తను మళ్లీ చదువుతుంది, సువార్తమ్మ మళ్లీ పంతొమ్మిదే తూగుతుంది.

"ఊరికేనండి," అంది.

*

సాయంత్రం లాకుల మీద కూర్చుని కిరీటికి అంతా చెప్పింది. అతను టార్చి ఒకసారి నీళ్ల మీదకి వేసి చూశాడు. తర్వాత, "అయితే రేపు పొద్దున్నే పోట్లాడుకుందామా?" అన్నాడు.

"తమాషా కాదు కిరీటీ."

"తమాషా కాదు. ఏడుపు గొంతుతో చదివెళ్లు. ఊఁ, చదువు."

ఆమె మొహం వేలాడేసి, "పొద్దు పొడిచింది," అంది. గొంతు పిల్లి మీద కాలేసినట్టు వచ్చింది. కిరీటి పెదవులు బిగబట్టాడు. "రేపు బాక్సులో కాకరకాయ పెడతాను, అది తలచుకుని చదువు," అన్నాడు. మూడో వాక్యం దాకా వెళ్లకుండానే ఇద్దరూ విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక ఆమెకి ఏడుపొచ్చింది. అయితే ఆ ఏడుపూ అతని భుజం మీదే. అది కూడా సంతోషంలో భాగమే అయిపోయింది.

"ఎలా ఏడ్చినా అబద్ధమే అవుతోంది," అంది కళ్లు తుడుచుకుని. "నీ తూముకి కొలబద్ద ఎవరు పెట్టారు?"

"పై నుంచి పంపిన కొలబద్ద ఒకటుంది. దాన్ని నమ్మితే ఈపాటికి ఊరు మునిగేది." అతను టార్చి గోడ మీదకి తిప్పాడు. రాళ్ల మీద పాచిరంగు గీత. "అదిగో, నిరుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నీళ్లే గీసిపెట్టాయి. నేను దాన్నే చూస్తాను."

ఇందీవర ఆ గీతని చాలాసేపు చూసింది. ఇంటికెళ్లి మనోతుల నియమావళి మొదటిసారి మొదటి పేజీ నుంచి చదివింది. నలభై ఒకటో పేజీలో ఆగింది.

*

శుక్రవారం పరాంకుశం గారు ఎనిమిదిన్నరకే వచ్చి, ప్లగ్గు పీకి, మూల కుర్చీలో కూర్చున్నాడు. సువార్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, లేసుసంచి గుండెలకి ఆనించుకుని వచ్చింది. ఎనిమిదీ నలభైకి ఇందీవర తన కుర్చీ లోంచి లేచింది.

"పిన్నిగారూ, ఇటు వచ్చి కూర్చోండి. ఇవాళ పాఠం మీరు చదవాలి."

సువార్తమ్మ అనుమానంగా చూసింది. "నాకు చదువు రాదండి."

"ఎనిమిది వారాల బట్టి పొద్దున్నే ఆ బెంచీ మీద కూర్చుంటున్నారుగా. గోడ అవతల నుంచి రోజూ వినపడేదే."

"అదా! కంఠతా వచ్చేసిందండి. పడుకుంటే కూడా అదే."

"ఏం చేస్తున్నావమ్మా?" పరాంకుశం గారు సగం లేచాడు.

ఇందీవర నియమావళి తెరిచి ఆయన చేతిలో పెట్టింది. "నలభై ఒకటి సార్. 'ఆ ఊరి మనిషి గొంతుతో సున్నా కట్టవలెను.' ఉద్యోగి గొంతుతో అని ఎక్కడా లేదు. ఈవిడ ఈ ఊళ్లోనే పుట్టారు. నేను భీమవరం నుంచి వచ్చాను."

ఆయన కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటూ ఉండగానే సువార్తమ్మ జల్లెడకి మొహం దగ్గర పెట్టింది.

"పొద్దు పొడిచింది. కాలవలో నీళ్లు..."

ఆగింది. వసారాలో ఎవరో దగ్గారు. నడకపట్టీ కింద ఏదో సన్నగా గుయ్యిమంది. ఆవిడ జల్లెడ వైపు కాకుండా, దాని అవతల ఇంకేదో చూస్తున్నట్టు చూసింది.

"...నీళ్లు నిండుగా పారతన్నాయి. పడవ రేవుకి వచ్చింది. ఎవరి పనికి వాళ్లు బయల్దేరారు."

పచ్చదీపం వెలిగింది. యంత్రం గుర్తుపెట్టుకుంది.

పదకొండు అడుగులు. తొమ్మిది ప్రశ్నలు. నిద్ర దివ్యం. తిండి అదరహో. తొమ్మిదోదానికి మారాణీ. దీపం పసుపుకి తిరగలేదు. ఒకటి. యంత్రం అడుగునుంచి కీలుపత్రం వెచ్చగా బయటికొచ్చింది.

సువార్తమ్మ దాన్ని పట్టుకుని తిరగేసి చూసింది. "ఇది నాదేనా?"

"మీదే. రెండువందల పన్నెండు. రేపే రమ్మని ఉంది."

"ఇది చెల్లదు," అన్నాడు పరాంకుశం గారు. కళ్లజోడు దొరికింది. నలభై ఒకటో పేజీ రెండోసారి చదువుతున్నాడు. "నేను రాస్తాను."

"రాయండి సార్. బయట ఇరవై ఇద్దరు ఉన్నారు. సాయంత్రం దాకా వాళ్లందరికీ ఈ సున్నాయే. సోమవారం బెంచీ మీద ముందు ఎవరుంటే వాళ్లచేత కట్టిస్తాను."

"అప్పుడు దాదాపు అందరూ పాసవుతారు."

"అవుతారు."

"మరి ఈ యంత్రం ఏం తూస్తున్నట్టు?"

ఇందీవర తెర వైపు తిరిగింది. ఆమె ఆ అంకెనే చూస్తోంది. ఒకటి. అది కోరుకున్నదే, అయినా ఆ అంకె నచ్చలేదు. ఈ మనిషికి ఏ బాధా లేదంటోంది యంత్రం. మోచేతి దాకా జారిన గాజు అలాగే ఉంది. కాలవలో నీళ్లు అన్నాక వచ్చిన ఆ ఖాళీ ఇంకా గదిలోనే ఉంది. పంతొమ్మిది అబద్ధమైతే ఒకటి అంతకంటే పెద్ద అబద్ధం.

టిఫిన్ బాక్సుకి చుట్టిన తువ్వాలు విప్పింది. ఇవాళ్టి కాగితం కింద పడింది, చూడలేదు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి రాగి జల్లెడ మీద కప్పేసింది. తన కుర్చీ లాగి, సువార్తమ్మ మోకాళ్లకి ఎదురుగా, బల్లకి ఇవతలి వైపు వేసుకుంది.

"పిన్నిగారూ, ఇప్పుడు తూకం లేదు. నేనే అడుగుతున్నాను. కాలవ దగ్గర ఎందుకు ఆగారు?"

సువార్తమ్మ మొహం బిగుసుకుంది. పత్రాన్ని నాలుగు మడతలు చేసి జాకెట్లోకి తోసుకుంది. "చెబితే ఇది వెనక్కి తీసుకోరు కదా?"

"తీసుకోను."

"ఆయన?"

ఇద్దరూ మూలకి తిరిగారు. పరాంకుశం గారి కలం కాగితం మీద ఉంది. రాసింది సగం మాట. ఆయన సువార్తమ్మ వైపు చూశాడు, తువ్వాలు కప్పుకున్న యంత్రం వైపు చూశాడు, మళ్లీ సువార్తమ్మ గాజు వైపు చూశాడు. కలానికి మూత పెట్టాడు. లేచి గోడ దగ్గరికి వెళ్లి, వంగి, ప్లగ్గు తిరిగి పెట్టాడు. ఫ్యాన్ రెక్కలు ముక్కుతూ మూలుగుతూ తిరగడం మొదలెట్టాయి. ఆయన బయటికెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. "కాస్త ఆగాలి," అని వరసలోవాళ్లకి చెప్పడం వినపడింది. "లోపల మనిషి ఉంది."

ఫ్యాన్ గదినిండా మోత నింపింది. సువార్తమ్మ ఆ మోత బాగా పెరిగేదాకా ఆగి, ముందుకి వంగింది.

"నిద్ర పట్టట్లేదు అమ్మాయ్," అంది.

ఇందీవర ఆవిడ చేతులు పట్టుకుంది. సున్నా లేని చోట ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియదు. "ఎప్పట్నించి?" అని అడిగింది.